పుస్తకం, ఫోన్, వెబ్‌సైట్: మూడింటికీ ఒకే మూలం పెట్టుకోవాలంటే ఏ పద్ధతి మేలు?

ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల కోసం ఒక చేతిపుస్తకం చేశాం. డెమీ 1/8 సైజు, 64 పేజీలు, అంటే సరిగ్గా నాలుగు ఫారాలు. గుంట తయారీ మొదలుకొని పట్టుబడి దాకా అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకం పంచిన వారానికి ఒక రైతు ఫోన్ చేశాడు. "అన్నా, బుక్కులో ఆక్సిజన్ 4 పీపీఎంకి తగ్గకూడదని ఉండాది. వాట్సాప్‌లో వచ్చినదాంట్లో 0.4 అని ఉండాది. ఏది నమ్మమంటావు?"

నాకు చెమటలు పట్టాయి. తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే అరగంటలో దొరికింది. మొదటి ప్రూఫులోనే 0.4 అని పడింది. మూడో ప్రూఫులో, పుస్తకానికి సలహాలిచ్చిన డాక్టరుగారు ఎర్ర ఇంకుతో సున్నా, చుక్క రెండూ కొట్టేశారు. ఆ దిద్దుబాటు అచ్చుకు వెళ్లే పేజ్‌మేకర్ (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్) ఫైల్లో చేశాను. కానీ ఫోన్ల కోసం పీడీఎఫ్ అప్పటికే రెండో ప్రూఫునుంచి తీసి ఉంచాం. వెబ్‌సైట్‌కి కావాల్సిన మేటరును ఇంకో అబ్బాయి ఆ పీడీఎఫ్ చూసి యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాడు. అంటే పుస్తకం ఒకటే అయినా మూలాలు మూడు. ఒకదాంట్లో దిద్దితే మిగతా రెండింటికీ ఆ సంగతి తెలియదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళప్పుడు మీటరు చేతిలో పట్టుకుని, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఇంకా ఎన్ని తిప్పాలా అని చూసే రైతుకు ఆ ఒక్క చుక్క ఒక పంటతో సమానం.

ఆ రోజునుంచి ఏ పుస్తకం ఒప్పుకున్నా ముందు ఒక ప్రశ్న వేస్తున్నాను. ఆఖరి ప్రూఫులో ఒక తప్పు దొరికితే దాన్ని ఏ ఫైల్లో దిద్దుతాం? జవాబు ఒక్క ఫైలు పేరే అయితే మనకు మూలం ఉన్నట్టు. "ఇందులోనూ దిద్దాలి, అందులోనూ దిద్దాలి" అని జవాబు వస్తే మూలం లేనట్టు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రైతు సంఘాలు, ఊరి చరిత్ర రాసుకునే రిటైర్డు మాస్టార్లు, చిన్న పత్రికలు నడిపేవాళ్లు చాలామంది ఇప్పుడు అచ్చుతోపాటు ఫోన్‌కీ, వెబ్‌కీ కావాలంటున్నారు. వాళ్ల ముందున్న దారులేమిటో, ఏది ఎవరికి కుదురుతుందో నేను వాడి చూసినంత మేరకు చెబుతాను.

మూలం అంటే మేటరే, పేజీ కాదు

పేజీ కంటికి కనిపించేది. దాని వెనకున్న మేటరు వేరు. "గుంట తయారీ" అనే మాటను లావు అక్షరాల్లో, 18 పాయింట్లలో, మధ్యకు జరిపి పెడితే మనిషికి అది శీర్షిక అని తెలుస్తుంది. కంప్యూటరుకు మాత్రం అవి లావు అక్షరాలంతే. ఫోన్‌లో చదివే ఈపబ్ పుస్తకానికి విషయసూచిక తయారు కావాలంటే "ఇది శీర్షిక, ఇది దాని కింది ఉపశీర్షిక, ఇది పట్టిక, ఇది హెచ్చరిక" అని మేటరులోనే గుర్తు పెట్టి ఉండాలి. శీర్షిక ఎలా కనిపించాలన్నది తర్వాతి సంగతి. అచ్చులో ఒక తీరు, ఫోన్‌లో ఒక తీరు, వెబ్‌లో మరో తీరు ఉండొచ్చు.

మేటరుకు కావాల్సిన రెండోది యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరాలకూ కంప్యూటర్లో సొంత సంఖ్యలు ఇచ్చే పద్ధతి. తెలుగుకు ఇది అన్నిటికన్నా పెద్ద మెట్టు. మన డీటీపీ సెంటర్లలో వాడే "అను" ఫాంట్లతో టైపు చేసిన మేటరును ఎంపిక చేసి ఫాంటు మార్చి చూడండి. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అంటే ఫైల్లో నిజంగా ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారంతే. అందుకే ఆ పీడీఎఫ్‌లో "రొయ్య" అని వెతికితే ఏమీ దొరకదు. చూపు లేనివాళ్లు ఫోన్‌తో చదివించుకుందామన్నా కుదరదు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడదామన్నా చెత్త వస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991నుంచీ సొంత చోటు ఉంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చినప్పటినుంచీ మామూలు కంప్యూటర్లలో కూడా వాడుకోవచ్చు. అయినా మన ప్రెస్సుల్లో పాత పద్ధతి ఇంకా బలంగానే ఉంది.

పేజ్‌మేకర్, అను: చేయి తిరిగిన దారి

దీన్ని తక్కువ చేసి మాట్లాడను. నా చేయి తిరిగింది దీనిమీదే. ట్రంకు రోడ్డు పక్క సందుల్లోని డీటీపీ సెంటర్లలో పాతిక ముప్పై పేజీలు ఒక పూటలో కొట్టి, సెట్ చేసి, ట్రేసింగ్ తీసి ఇచ్చే ఆపరేటర్లు ఈ పద్ధతిలోనే ఉన్నారు. పెళ్లి శుభలేఖ, కరపత్రం, సావనీరు లాంటివాటికి దీన్ని మించింది లేదు. అను అక్షరాలు అందంగా ఉంటాయి, ఒత్తులు కుదురుగా కూర్చుంటాయి, ప్రెస్సువాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు.

కానీ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0. అది 2001లో వచ్చింది, ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. అందులో ఫుట్‌నోట్లు వాటంతటవి పేజీ అడుగుకు చేరవు, చేత్తో పెట్టుకోవాలి. ఈపబ్ ఊసే లేదు. ఒకే మూలంనుంచి అన్నీ తీయాలనుకునేవాళ్లకు ఈ దారి పనికిరాదు. నా మాట సూటిగానే చెబుతున్నాను: పుస్తకం ఒక్కసారి అచ్చయి అంతటితో అయిపోయేదైతే తప్ప కొత్త పని ఇందులో మొదలుపెట్టకండి.

పాత ఫైళ్లుంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి ముప్పాతిక పని చేసిపెడతాయి. మిగతా పాతిక వంతులోనే మనకు పని పడుతుంది. ఒత్తు కింద ఒత్తు వచ్చే చోట్ల, మధ్యలో ఇంగ్లిష్ మాటలున్న చోట్ల, కొటేషన్ గుర్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. అంకెల్ని మాత్రం ప్రతి ఒక్కదాన్నీ అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడాలి. మార్చిన తర్వాత ఇక పాత ఫైలు తెరవకూడదు. తెరిచి "ఈ ఒక్కటీ దిద్దుదాం" అన్నామంటే మళ్లీ రెండు మూలాలు తయారైనట్టే.

వర్డ్, లిబ్రేఆఫీస్: అందరి చేతిలో ఉన్నది

రాసేవాళ్లలో ఎక్కువమంది వర్డ్‌లోనే రాస్తారు. మూలంగా ఇది చాలామందికి చాలు. షరతు ఒక్కటే, స్టైల్స్ వాడాలి. శీర్షికను ఎంపిక చేసి బోల్డ్ నొక్కడం కాకుండా పైనున్న వరుసలో "హెడింగ్ 1" నొక్కాలి. ఉపశీర్షికకు "హెడింగ్ 2". పేరాకు పేరాకు మధ్య ఖాళీ కోసం ఎంటర్ రెండుసార్లు కొట్టకూడదు, ఆ ఖాళీ స్టైల్‌లోనే పెట్టాలి. కొత్త అధ్యాయం కొత్త పేజీలో రావడానికి ఎంటర్లు వరసగా కొట్టుకుంటూ పోయే అలవాటు చాలామందికి ఉంది. ఆ ఫైలును ఫోన్ పుస్తకంగా మారిస్తే అధ్యాయం అధ్యాయానికీ మధ్య తెల్లటి ఎడారి వస్తుంది.

ఈ క్రమశిక్షణ పాటిస్తే వర్డ్ ఫైలునుంచి పీడీఎఫ్ నేరుగా వస్తుంది. ఈపబ్ కావాలంటే ఆ ఫైలును లిబ్రేఆఫీస్‌లో తెరిచి ఎగుమతి చేయొచ్చు, 2018లో వచ్చిన 6.0 వెర్షన్‌నుంచీ అందులో ఆ సౌకర్యం ఉంది. లిబ్రేఆఫీస్ ఉచితం. ఫుట్‌నోట్లు, విషయసూచిక, పట్టికల నంబర్లు రెండింట్లోనూ వాటంతటవే సర్దుకుంటాయి.

చిక్కు ఎక్కడంటే, పదిమంది చేతులు పడితే స్టైల్స్ చెడిపోతాయి. ఒకరు వాట్సాప్‌లోంచి పేస్టు చేస్తారు, ఇంకొకరు ఫాంటు నచ్చక మొత్తం ఎంపిక చేసి మార్చేస్తారు. నాలుగో చేతికి వచ్చేసరికి "హెడింగ్ 1" లాగా కనిపించేవి ఐదు రకాలుంటాయి, అందులో నిజమైన హెడింగులు రెండే. అందుకే వర్డ్‌ను మూలంగా పెట్టుకుంటే ఫైలు ఒక్కరి దగ్గరే ఉండాలి. మిగతావాళ్లు దిద్దుబాట్లు కాగితం మీద ఇవ్వాలి, లేదా కామెంట్లుగా పెట్టాలి.

ఇన్‌డిజైన్: అచ్చుకు రాజు, మూలానికి కాదు

పేజ్‌మేకర్ నుంచి వచ్చిన ఆపరేటర్లకు సహజంగా నచ్చేది ఇన్‌డిజైన్. 2012లో వచ్చిన సీఎస్6నుంచి తెలుగు యూనికోడ్ అందులో సరిగ్గా పడుతుంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవడం మాత్రం మరవకూడదు. మామూలు కంపోజర్‌లో ఉంచితే "క్ష" విడిపోతుంది, ఒత్తులు పక్కకు వచ్చి నిలబడతాయి. "ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదన్నా" అని నాతో అన్న ఆపరేటర్ల మెషీన్లలో చాలాసార్లు ఈ ఒక్క సెట్టింగే తేడా.

అచ్చు నాణ్యతలో దీనికి సాటి లేదు. రంగుల విభజన, బొమ్మల చుట్టూ మేటరు తిప్పడం, ప్లేట్లకు వెళ్లే పీడీఎఫ్, అన్నీ పక్కాగా వస్తాయి. ఈపబ్ కూడా ఇస్తుంది. కానీ రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి ఖర్చు. నెలనెలా అద్దె కట్టాలి, ఏడాదికి రెండు పుస్తకాలు వేసే సంఘానికి అది బరువే. రెండోది నాకు ఇంకా ముఖ్యం. వర్డ్‌లోంచి మేటరు ఇన్‌డిజైన్‌లోకి పోశాక దిద్దుబాట్లన్నీ అక్కడే జరుగుతాయి. ఆఖరి వారం రాత్రి పదింటికి ప్రెస్సువాడు తొందరపెడుతుంటే ఎవరూ వెనక్కెళ్లి వర్డ్ ఫైల్లో దిద్దరు. పుస్తకం బయటికొచ్చేనాటికి సరైన మేటరు ఇన్‌డిజైన్ ఫైల్లో మాత్రమే ఉంటుంది, అది తెరవగలిగింది ఆ ఆపరేటరొక్కడే. ఆపరేటరు ఊరు మారితే మీ పుస్తకం కూడా ఆయనతో వెళ్లిపోయినట్టే.

ఇది ఎంచుకుంటే పని ఒప్పుకునేటప్పుడే చెప్పండి: అచ్చు పీడీఎఫ్‌తోపాటు ఇన్‌డిజైన్ ప్యాకేజీ, దిద్దిన మేటరును మళ్లీ ఎగుమతి చేసిన ఫైలు, బొమ్మల అసలు ఫైళ్లు మాకు ఇవ్వాలి అని. డబ్బు ఆఖరి వాయిదా చెల్లించేలోపే ఇవి మీ పెన్‌డ్రైవ్‌లోకి రావాలి.

మార్క్‌డౌన్, పాన్‌డాక్: నేను ఇప్పుడు వాడుతున్నది

మార్క్‌డౌన్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో కూడా రాయొచ్చు. శీర్షిక ముందు # గుర్తు, ఉపశీర్షిక ముందు ## గుర్తు, నొక్కి చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రాలు. 2004లో జాన్ గ్రూబర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 2006లో జాన్ మెక్‌ఫార్లేన్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు పాన్‌డాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. ఈ టెక్స్ట్ ఫైలును దానికి ఇస్తే వర్డ్ ఫైలు, వెబ్ పేజీ, ఈపబ్, పీడీఎఫ్, ఏది అడిగితే అది తయారు చేసి ఇస్తుంది.

మా చేతిపుస్తకం రెండో ముద్రణ ఇలాగే చేశాం. ఆక్సిజన్ గురించిన భాగం ఫైల్లో ఇలా ఉంటుంది:

## నీటిలో ఆక్సిజన్
కరిగిన ఆక్సిజన్ **4 పీపీఎం**కి తగ్గకూడదు. తెల్లవారుజామున తప్పకుండా చూడాలి.

ఇంతే. ఇందులో ఫాంటు లేదు, సైజు లేదు, రంగు లేదు. అచ్చు పేజీలో ఆ 4 పీపీఎం నల్లగా లావుగా వస్తుంది. ఫోన్‌లో ఎర్రగా రావాలనుకుంటే స్టైల్ ఫైల్లో ఒక్క వరుస మారిస్తే చాలు. అంకె మార్చాల్సి వస్తే ఇక్కడ మారుస్తాం, మూడు రూపాలూ మళ్లీ తీస్తాం. మారిన వరుస ఏది, ఎప్పుడు మారింది అన్నది గిట్ లాంటి సాధనంతో రికార్డుగా ఉంచుకోవచ్చు. డాక్టరుగారు "ఇది నేను చెప్పలేదే" అంటే ఏ రోజు ఏం మారిందో చూపించొచ్చు.

తెలుగుకు సంబంధించి ఒక జాగ్రత్త ఉంది. పీడీఎఫ్ తీయడానికి పాన్‌డాక్ వెనక లేటెక్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌ను వాడుకుంటుంది. పాత పీడీఎఫ్‌లేటెక్‌తో యూనికోడ్ తెలుగు రాదు. జీలేటెక్ లేదా లువాలేటెక్ ఎంచుకుని తెలుగు ఫాంటు పేరు చెప్పాలి. మేము నోటో సెరిఫ్ తెలుగు వాడాం. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి, వాటి లైసెన్సు ప్రకారం ఈపబ్‌లో పొదగడానికి అడ్డు లేదు. కొనుక్కున్న ఫాంట్లయితే పొదగడానికి అనుమతి ఉందో లేదో ముందు చూసుకోవాలి. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్ పుస్తకాల లెక్కన వదిలితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల వరుస పెడితే కంటికి హాయిగా ఉంటుంది.

ఇక ఇబ్బందుల సంగతి. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయాలి. మొదటి వారం టెన్షన్‌గానే ఉంటుంది. గడులు కలిసిపోయే పెద్ద పట్టికలు మార్క్‌డౌన్‌లో సరిగ్గా రావు. మేత పట్టికను మేము రెండు చిన్న పట్టికలుగా విడగొట్టాం, నిజానికి ఫోన్‌లో చదివే రైతుకు అదే మేలైంది. పేజీలో బొమ్మను అంగుళం ఇటు, అంగుళం అటు జరపాలనుకునేవాళ్లకు ఇది చికాకు పుట్టిస్తుంది.

దానికి మధ్యేమార్గం ఒకటుంది. పాన్‌డాక్ మేటరును ఇన్‌డిజైన్ తీసుకునే ఐసీఎంఎల్ రూపంలో కూడా ఇస్తుంది. ఆ ఫైలును ఇన్‌డిజైన్ పేజీలో లింకు చేసి పెడితే మూలం మారినప్పుడు లింకు అప్‌డేట్ చేసుకోవచ్చు. ఆపరేటరు పేజీలో చేత్తో మార్చినవి మాత్రం ఆ అప్‌డేట్‌లో పోతాయి. కాబట్టి దిద్దుబాటు ఎప్పుడూ మూలంలోనే చేయాలన్న నియమం ఆయనతో గట్టిగా చెప్పుకోవాలి. అచ్చు అందం కావాలి, మూలం కూడా మన దగ్గరుండాలి అనుకునే వాళ్లకు నేను చూసినంతలో మంచి ఏర్పాటు ఇదే.

మిగిలిన దారులు

గూగుల్ డాక్స్ నలుగురు కలిసి రాయడానికి మంచిది. కొత్తపట్నంలో ఒకరు, ఒంగోల్లో ఒకరు, బెంగళూరులో ఒకరు ఉండి ఊరి చరిత్ర రాస్తుంటే ఇంతకన్నా సులువైంది లేదు. ఈపబ్, వర్డ్, మార్క్‌డౌన్ అన్నిటిగానూ దించుకోవచ్చు. రాసేటప్పుడు అక్కడ, ఖరారయ్యాక దించుకుని పాన్‌డాక్‌కి ఇవ్వడం అనే పద్ధతి కుదురుతుంది. ఖరారయ్యాక పాత లింకును చదవడానికి మాత్రమే అని మార్చేయండి, లేకపోతే ఎవరో ఒకరు అందులోనే దిద్దుతారు.

డాక్‌బుక్, డిటా అనే ఎక్స్‌ఎంఎల్ పద్ధతులు పెద్ద కంపెనీల మాన్యువళ్ల కోసం పుట్టినవి. ఒకే మేటరులోంచి యాభై రకాల యంత్రాలకు యాభై పుస్తకాలు తీయాల్సిన చోట వాటికి విలువ. మన జిల్లాల్లో సంఘాలకూ, పత్రికలకూ అవసరం లేదు.

వెబ్‌సైటే మూలంగా పెట్టుకుని అందులోంచి నెలనెలా అచ్చు తీయడం రోజూ వార్తలు పెట్టేవాళ్లకు నప్పుతుంది. పుస్తకాలు వేసేవాళ్లకు నప్పదు.

రాసే తీరు కూడా మారాలి

సాధనం ఎంత మంచిదైనా రచన పేజీకి అతుక్కుపోయి ఉంటే అన్ని రూపాల్లోనూ ఇమడదు. "42వ పేజీ చూడండి" అని రాస్తే ఫోన్‌లో పేజీలే లేవు. "పక్క బొమ్మలో చూపినట్లు" అంటే ఫోన్‌లో బొమ్మ పక్కన ఉండదు, కిందో పైనో ఉంటుంది. "చెక్ ట్రేల అధ్యాయంలో చూడండి" అని రాసి దానికి లింకు పెట్టండి. అచ్చులో పేజీ నంబరు దానంతటదే పడేలా, ఫోన్‌లో వేలు తగిలిస్తే అక్కడికి వెళ్లేలా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. "ఎర్ర రంగు గడుల్లో ఉన్న మందులు నిషిద్ధం" అని రాస్తే, పుస్తకాన్ని జిరాక్స్ తీసి పంచిన చోట ఎరుపు నలుపవుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల పేర్లు రంగుతో కాకుండా మాటల్లోనే "నిషిద్ధం" అని చెప్పాలి.

కంటికి కనిపించని ఇంకో చిక్కు ఉంది. "సాఫ్ట్‌వేర్" అని సరిగ్గా రావాలంటే ట తర్వాత పొల్లు నిలబెట్టే ఒక అదృశ్య గుర్తు కావాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది పెట్టకపోతే "సాఫ్ట్వేర్" అని వ ఒత్తుగా కిందికి దిగిపోతుంది. ఒకరు పెట్టి, ఒకరు పెట్టకుండా టైపు చేస్తే ఒకే మాట రెండు మాటలవుతుంది. వెతికితే సగమే దొరుకుతాయి, పదసూచికలో రెండుసార్లు వస్తుంది. మొదటి రోజే ఒక నియమం పెట్టుకుని, తర్వాత మొత్తం ఫైలును ఒకసారి జల్లెడ పట్టాలి. ఏరియేటర్, ప్రోబయోటిక్, వైట్‌స్పాట్ లాంటి మాటలు నిండిన రొయ్యల పుస్తకంలో ఇది చిన్న పని కాదు, మాకు రెండు పూటలు పట్టింది.

బొమ్మల విషయం త్వరగా చెబుతాను. అసలు ఫొటోలు పూర్తి సైజులో ఒక ఫోల్డర్లో ఉంచండి. అచ్చుకు 300 డీపీఐ, ఫోన్‌కు చిన్నవి అందులోంచే తీయాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అచ్చుకు పనికిరాదు, అసలు ఫైలు డాక్యుమెంటుగా పంపమనండి.

ఏ4 పీడీఎఫ్‌ను ఫోన్‌కి పంపడం మానేయాలని కూడా నా మనవి. చదివేవాళ్లు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ విసిగిపోతారు. మూలం ఒకటే ఉంటే పేజీ సైజు మార్చి ఇంకో పీడీఎఫ్ తీయడం నిమిషం పని. మేము 9 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తుతో తీశాం. ఫోన్ తెర నిండా ఒక పేజీ వస్తుంది, జూమ్ చేయక్కర్లేదు. ఈపబ్ తెరవడం తెలియని పెద్దవాళ్లకు ఇదే చేరింది.

ఎవరికి ఏది

ఊరి చరిత్ర రాస్తున్న మాస్టారుగారు ఉన్నారనుకుందాం. నెల్లూరు జిల్లా శాసనాల్ని బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. వాటినుంచి ఉదాహరణలు తీసుకుంటారు, ప్రతి పేజీకీ రెండు మూడు ఫుట్‌నోట్లుంటాయి. అలాంటివారికి వర్డ్ లేదా లిబ్రేఆఫీస్‌లో స్టైల్స్‌తో రాయడమే మేలు. అచ్చులో ఆ ఫుట్‌నోట్లు పేజీ అడుగున వస్తాయి, ఈపబ్‌లో అంకె మీద వేలు పెడితే తెరుచుకుంటాయి. వయసు పెద్దవాళ్లకు నల్ల తెర, ఆదేశాలు నేర్పించడం అవసరం లేదు. మేటరు వర్డ్‌లో ఖరారయ్యాక పక్కనున్న ఎవరైనా కుర్రవాడు మార్చి ఇస్తాడు. కానీ అచ్చు ప్రూఫుల్లో దొరికిన తప్పులు వర్డ్ ఫైల్లోకి వెనక్కి రావాలి. ఒక నోటుబుక్కు పెట్టుకుని పేజీ, వరుస, తప్పు, ఒప్పు రాసుకుంటూ పోతే ఆ పని సాధ్యమే.

ఏటేటా మారే చేతిపుస్తకానికి మార్క్‌డౌన్, పాన్‌డాక్ వాడండి. మందుల మోతాదులు, ప్రభుత్వ పథకాల మొత్తాలు, ఫోన్ నంబర్లు మారిపోయే ఏ పుస్తకమైనా ఈ కోవలోకే వస్తుంది. రొయ్యలే కాదు, పొదలకూరు వైపు నిమ్మ రైతులకైనా, ఉలవపాడు మామిడికైనా ఇదే మాట. మొదటిసారి పది రోజులు ఎక్కువ పడుతుంది. రెండో ముద్రణకు ఒక పూట చాలు.

రంగురంగుల బొమ్మల పుస్తకం, పిల్లల కథలు, ఫొటో ఆల్బం లాంటివి ఇన్‌డిజైన్‌కే వదిలేయండి. వాటిలో పేజీయే పుస్తకం. ఫోన్‌కి పేజీని ఉన్నదున్నట్టు పంపడం తప్ప వేరే రూపం అక్కర్లేదు.

నెలనెలా వచ్చే చిన్న పత్రికకు గూగుల్ డాక్స్‌లో రాసి, ఖరారైన మేటరును ఇన్‌డిజైన్‌కు ఐసీఎంఎల్‌గా, వెబ్‌కు నేరుగా పంపే పద్ధతి బాగుంటుంది. దీనికి మాత్రం కంప్యూటరు బాగా తెలిసిన ఒక మనిషి కార్యాలయంలో ఉండాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క పేజీతో పరీక్ష పెట్టండి. ఆ పేజీలో ఒక శీర్షిక, ఒక పట్టిక, ఒక ఫుట్‌నోటు, ఒక ఫొటో, "సాఫ్ట్‌వేర్" లాంటి రెండు మాటలు, "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మూడంతస్తుల అక్షరాలు ఉండాలి. దాన్ని మీరు అనుకున్న పద్ధతిలో అచ్చు పీడీఎఫ్‌గా, ఫోన్ పీడీఎఫ్‌గా, ఈపబ్‌గా, వెబ్ పేజీగా తీయించండి. పీడీఎఫ్‌లో "రాష్ట్రం" అని వెతికి దొరుకుతుందో లేదో చూడండి. యూనికోడ్‌లో చేసినా కొన్ని పీడీఎఫ్‌లలో అక్షరాల వరస తారుమారై వెతుకులాట పనిచేయదు. అలాంటప్పుడు వెతకాల్సినవాళ్లకు ఈపబ్‌నో వెబ్ పేజీనో ఇవ్వాలి. తర్వాత పట్టికలో ఒక అంకె మార్చమనండి. నాలుగు రూపాల్లోనూ ఆ అంకె మారి మీ చేతికి రావడానికి ఎంతసేపు పట్టిందో, మధ్యలో ఎన్ని ఫైళ్లు తెరవాల్సి వచ్చిందో పక్కన కూర్చుని చూడండి. మా రెండో ముద్రణలో అందుకు ఒక ఫైలు తెరిచాం, రెండు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రమే కొత్త పీడీఎఫ్‌ను, నాకు ఫోన్ చేసిన ఆ రైతుకే మొదట పంపాను.